తల్లి పళ్లెము

బాసరలో గోదావరి యొడ్డున జ్ఞానసరస్వతీ దేవాలయమున్నది. వసంత పంచమినాడు తల్లిదండ్రులు బిడ్డలను ఒడిలో కూర్చుండబెట్టుకొని తొలి యక్షరము దిద్దింతురు. అది కన్నులపండువైన దృశ్యము. కాని అచటికి వచ్చిన ప్రతి బిడ్డయు అంతకుముందే యొక కఠిన పరీక్షలో నెగ్గినదని తలచువారు అరుదు. క్షేమముగా పుట్టి తొలి యేడు గడపుటయే ఆ పరీక్ష. అందలి గెలుపు చాలవరకు తల్లి యే యింట, ఏ యూర నున్నదను దానిపై ఆధారపడియున్నది. దీనిని విధివ్రాత యనుట తప్పు.

బాసరకు ఈశాన్యమున ఉట్నూరు కొండలలో గోండుల, కొలాముల గూడెములు కలవు. వానకాలమున వాగు పొంగినచో 108 బండి ఆవలి గట్టుననే నిలిచిపోవును. నొప్పులు పడుచున్న స్త్రీని మంచముపై మోసికొనిపోవలసి వచ్చును. రక్తస్రావము మొదలైనచో ప్రతి నిమిషమును ప్రాణముతో సమానమే. తెలంగాణలో లక్ష జననములకు ప్రసూతి మరణములు 2014-16లో 81 కాగా, 2018-20 నాటికి 43కు తగ్గినవి. ఇది గొప్ప విజయమే. ఐనను సగటు లెక్కలో వాగు కావలి తల్లి కనబడదు.

దారి యున్న యూళ్లలోను వేరొక చిక్కు గలదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నది. అందరికిని వడ్డించి, మిగిలినది తినుట ఇల్లాలి ధర్మమని మనవారు మెచ్చుకొందురు. ఆ మెప్పు గర్భిణికి హాని చేయుచున్నది. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకమున గర్భిణులకు భోజనము, పాలు, గ్రుడ్డు అంగన్‌వాడీలోనే పెట్టు ఏర్పాటు చేసిరి. ఇంటికి పంపిన గ్రుడ్డు ఎవరి పళ్లెము చేరునో ఆ నియమము చేసినవారు ఎరుగుదురు కాబోలు!

కాని పత్తిచేనికి కూలికి పోయిన గర్భిణి మధ్యాహ్నమున అంగన్‌వాడీకి ఎట్లు రాగలదు? వచ్చినచో కూలి పోవును. 2017లో రాష్ట్ర ప్రభుత్వము ఆ నష్టమునకు బదులుగా, ప్రభుత్వాసుపత్రిలో ప్రసవించిన తల్లికి మగబిడ్డయైన 12,000, ఆడబిడ్డయైన 13,000 రూపాయలు నిర్ణయించెను. అది దానము కాదు. ఆమె కష్టమునకు చెల్లింపు.

బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెనని వైద్యులు చెప్పుదురు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, ఉద్యోగినులకు జీతముతో 26 వారముల సెలవు కల్పించిరి. అవి సరిగా ఆ ఆరు నెలలే. పత్తి ఏరు తల్లికి ఆ చట్టము వర్తింపలేదు.