రహీం సాబ్ పోయిన తర్వాత

2025 అక్టోబర్‌లో న్యూయార్క్ నిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు అబూధాబీకి వచ్చి ఆడి వెళ్ళిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా బిల్డింగ్‌లో పై అంతస్తు కుర్రాడు, ఇక్కడే పుట్టి పెరిగిన తెనాలి వాళ్ళబ్బాయి, ఉమ్ అల్ క్వైన్ నుంచి రానూపోనూ నాలుగు గంటలు కారులో కూర్చుని మరీ చూసొచ్చాడు. ఆ తర్వాత వారం రోజులు లిఫ్టులో కనిపిస్తే చాలు, నాకు పాఠమే. "అంకుల్, సిక్స్‌టీస్‌లో నిక్స్ ఎంత చెత్త టీమో తెలుసా? మొత్తం రీబిల్డ్ చేశారు!"

బాస్కెట్‌బాల్ అంటే నాకు మా హైస్కూల్లో తుప్పుపట్టిన రింగు తప్ప వేరే ఏమీ గుర్తుకు రాదు. కానీ ఆ 'రీబిల్డ్' అన్న మాట మాత్రం మనసులో ఉండిపోయింది. కూలిన జట్టును మళ్ళీ కట్టడం. ఎలా కడతారా అని కాస్త చదివాను.

కుర్రాడు చెప్పింది నిజమే. 1960 నుంచి 1966 దాకా వరుసగా ఏడు సీజన్లు నిక్స్ జట్టు ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. అయితే ఆ లీగ్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. ఏటా కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్ళను ఏరుకునేటప్పుడు కిందటి సీజన్‌లో అడుగున మిగిలిన జట్లకే ముందు అవకాశం. పెళ్ళి భోజనాల్లో ఆఖరి బంతిలో కూర్చున్నవాడికి మొదటి గారె వడ్డించినట్టన్నమాట. 1964లో విల్లిస్ రీడ్, 1966లో క్యాజీ రసెల్, 1967లో వాల్ట్ ఫ్రేజియర్ అలా వచ్చినవాళ్ళే. 1966 వరకు ఇంకో నియమం కూడా ఉండేది. సొంత ప్రాంతపు కాలేజీలో ఆడే కుర్రాడిని ఆ ప్రాంతపు జట్టు ముందుగానే తీసేసుకోవచ్చు. 1965లో ప్రిన్స్‌టన్ కాలేజీ నుంచి బిల్ బ్రాడ్లీని నిక్స్ అలాగే పట్టుకుంది. 1967 డిసెంబర్‌లో రెడ్ హోల్జ్‌మన్ అనే కోచ్ పగ్గాలు తీసుకున్నాడు. 1970లో జట్టు ఛాంపియన్.

ఇదంతా చదువుతుంటే నాకు న్యూయార్క్ కాదు, హైదరాబాద్ గుర్తుకొచ్చింది. అదే దశాబ్దంలో మన దగ్గర కూడా ఒక గొప్ప జట్టు దిక్కులేనిదై, మళ్ళీ లేచి నిలబడింది. నిలబడ్డాక ఏమైందన్నదే అసలు కథ.

ఈ తరం పిల్లలకు హైదరాబాద్ అంటే బిర్యానీ, హైటెక్ సిటీ, మరీ ఆటలంటే క్రికెట్, బ్యాడ్మింటన్. ఫుట్‌బాల్ అని చూడండి, నవ్వుతారు. 2024లో అజయ్ దేవగన్ 'మైదాన్' సినిమా వచ్చాక కొందరికి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు తెలిసింది, అదొక్కటే మేలు. మా మేనమామ రిజర్వ్ పోలీసులో పనిచేశాడు. లాల్ బహదూర్ స్టేడియాన్ని చివరిదాకా 'ఫతే మైదాన్' అనే అనేవాడు. ఆయన దగ్గర కూర్చుంటే 1950లు నిన్న మొన్నటి సంగతుల్లా ఉండేవి.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా గెలిచింది. జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57లోనూ, ఆ మరుసటి సీజన్‌లోనూ తెచ్చింది. ఈ విజయాలన్నిటి వెనకా ఉన్న మనిషి ఒక బడిపంతులు. రహీం సాబ్ ఉస్మానియా పట్టభద్రుడు. 1940ల నుంచి ఇటు పోలీస్ జట్టుకు కోచ్, అటు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి దేశపు జట్టుకు కూడా ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో మళ్ళీ స్వర్ణం. ఆయన తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి స్వర్ణం రాలేదు.

ఆయన పద్ధతి పంతుళ్ళ పద్ధతే. కుడికాలి వాటం కుర్రాడు ఎడమకాలితో మాత్రమే తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టేవారు. బంతిని ఒక్కసారే తాకి పక్కవాడికి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకుని విన్యాసాలు చేయకూడదు అన్న నియమంతో ఇంకో పోటీ. మా మేనమామ దీన్ని ఎక్కాలు అప్పజెప్పించడంతో పోల్చేవాడు. "ఇరవయ్యో ఎక్కం కిందనుంచి పైకి చెప్పగలిగితేనే వచ్చినట్టురా" అని.

జకార్తాకు వెళ్ళేనాటికే రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు. కోచ్, కార్యదర్శి, గురువు, అన్నీ ఒక్కడే అయిన ఇంట్లో ఆ ఒక్కడూ పోతే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అదే ఏడాది ఇంకో దెబ్బ. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడినవాడు, రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టినవాడు, ఇరవై ఏడేళ్ళ వయసుకే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశాడు. గురువుకూ శిష్యుడికీ ఒకే ఏడాది, ఒకే చోట దెబ్బ. ఇది కథలో రాస్తే ఎడిటర్ గారు "మరీ అతిగా ఉందండీ" అని కొట్టేస్తారు.

కాలం ఎలాంటిదో ఒక్క చిన్న గుర్తు చెబుతాను. మనమిప్పుడు కారు పార్కింగ్ కోసం తిట్టుకుంటున్న ఈ ఉమ్ అల్ క్వైన్ 1964లో సొంతంగా తపాలా బిళ్ళలు వేయడం మొదలుపెట్టింది. అప్పటికి యు.ఎ.ఇ. అన్న దేశమే లేదు. అది 1971 డిసెంబర్ 2న గానీ పుట్టలేదు. చేపల పడవలు, పాత కోట, చుట్టూ ఇసుక. ఆ బిళ్ళల్లో ఎక్కువ భాగం ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న సేకరణదారులు కొనుక్కున్నవే గాని, ఇక్కడినుంచి ఉత్తరాలకు అంటించినవి ఎన్నని! మన తెలుగువాళ్ళెవరూ ఇంకా ఇటు చూడలేదు. ఆ రోజుల్లో మనకు 'బయటి ఊరు' అంటే బొంబాయి, మద్రాసు, కలకత్తా.

హైదరాబాద్ జట్టు మాత్రం వెంటనే కూలిపోలేదు. అక్కడే ఉంది ఆశ్చర్యం. రహీం సాబ్ పోయిన 1963లోనే ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టు రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ ఫైనల్ దాకా వెళ్ళి మోహన్ బగాన్ చేతిలో ఓడింది. దీన్ని నేను రీబిల్డింగ్ అనను. ముందు వండిన అన్నం మర్నాడు తిన్నట్టు, అంతే. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. పాత పోలీసులకు వయసు మీద పడుతోంది. కొత్తవాళ్ళు కావాలి. అమెరికాలోలా కాలేజీల నుంచి వరసపెట్టి అందించే ఏర్పాటు మనకు లేదు. ఉన్నదల్లా పాతబస్తీ, సికింద్రాబాద్ గల్లీల్లో బంతి తన్నుకునే పిల్లలు, స్థానిక లీగ్, పోలీసులు, సైన్యం వాళ్ళ జట్లు. సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్ జట్టు 1961లో రోవర్స్ కప్పు కొట్టిందంటే ఆ గల్లీల చుట్టూ ఎంత ఆట ఉండేదో అర్థం చేసుకోండి. పంతులు పోయినా ఎక్కాలు వచ్చిన పిల్లలు మిగిలారు.

1965-66 సంతోష్ ట్రోఫీ కేరళలో, కొల్లంలో జరిగింది. ఫైనల్లో ఎదురు నిలిచింది బెంగాల్. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్ అనుకునే రోజులు. మొదటి మ్యాచ్ తేలలేదు. మళ్ళీ ఆడారు. ఈసారి ఒక్క గోల్ తేడాతో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. 1956లో ఏర్పడిన మన రాష్ట్రం 'ఆంధ్రప్రదేశ్' అన్న పేరుతో గెలిచిన మొదటి సంతోష్ ట్రోఫీ అది. రహీం సాబ్ లేకుండా, బలరాం లేకుండా. నన్నడిగితే మన ఫుట్‌బాల్ చరిత్రలో జకార్తా స్వర్ణం తర్వాత చెప్పుకోవలసిన విజయం ఇదే. ఐదు రోవర్స్ కప్పులకన్నా ఇది గొప్పదంటాను. అవి నిండుకుండలోంచి ముంచిన నీళ్ళు. ఇది అడుగంటిన బావిలో మళ్ళీ తవ్వితే ఊరిన నీళ్ళు.

మరి ఆ నీళ్ళేమయ్యాయి?

1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ ఇద్దరూ హైదరాబాద్ వదిలి కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు వెళ్ళిపోయారు. నయీముద్దీన్‌కు ఇరవై రెండేళ్ళు, హబీబ్‌కు ఇంకా పదిహేడు. నాలుగేళ్ళ తర్వాత 1970లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో భారత జట్టు కాంస్యం గెలిచినప్పుడు కెప్టెన్ నయీముద్దీనే. హబీబ్ తర్వాత అతని తమ్ముడు అక్బర్ కూడా కలకత్తా దారే పట్టాడు. బలరాం అయితే 1957లోనే వెళ్ళాడు. మా మేనమామ మాటల్లో చెప్పాలంటే, "కలకత్తా వాళ్ళు మన తోటలో పూతప్పుడే వచ్చి కాయలు లెక్కపెట్టుకుని పోతార్రా."

చూశారా తేడా! అక్కడ అడుగున ఉన్న జట్టుకు మొదటి ముద్ద. సొంత ఊరి కుర్రాడు సొంత ఊరికే దక్కాలని ఒక నియమం. ఇక్కడ ఆ రెండూ లేవు. ఉన్నవాడే ముందు ఏరుకుంటాడు. హైదరాబాద్ కొత్త కుర్రాళ్ళను తయారుచేసినకొద్దీ వాళ్ళ మీద బయటివాళ్ళ కళ్ళు పడ్డాయి. జట్టును కట్టడం చేతనైంది గాని, కట్టినదాన్ని నిలుపుకునే స్తోమత లేకపోయింది. దుబాయ్, అబూధాబీ పెద్ద క్లబ్బుల పక్కన మన ఊరి అల్ అరబీ క్లబ్‌ను చూస్తున్నవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

అలాగని వెళ్ళినవాళ్ళను నేను ఒక్క మాట అనను. ఉమ్ అల్ క్వైన్‌లో ఏసీ కింద కూర్చుని ఈ కాలమ్ రాస్తున్నవాడికి ఆ మాట అనే మొహం ఎక్కడిది? పోలీసు జట్టులో ఆడితే దొరికేది ఒక కానిస్టేబుల్ జీతం, వేళకు భోజనం. కలకత్తాలో లక్షమంది చప్పట్లు, నాలుగు రాళ్ళు. గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి మనవాళ్ళు విమానాలు ఎక్కింది ఇంతకన్నా పెద్ద కారణాలతోనా? కాకపోతే మనం ఇక్కడినుంచి పంపే డబ్బుతో ఊళ్ళో ఇల్లు లేస్తుంది, చెల్లెలి పెళ్ళి జరుగుతుంది. ఫుట్‌బాల్ నైపుణ్యానికి మనీ ఎక్స్‌ఛేంజ్ లేదు. అది ఆడినచోటే ఖర్చవుతుంది.

హబీబ్ కథ ఇంకొంచెం చెప్పాలి. ఉద్యోగం ఇస్తే ఆట ఆడతాం అనే రోజుల్లో, వచ్చిన ఉద్యోగాలు వద్దని ఫుట్‌బాల్ మీదే బతికిన మనిషి. అందుకే అతన్ని మన దేశపు మొదటి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అంటారు. కలకత్తాలో 'బడే మియా' అని పిలిచేవారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2తో నిలిచింది కదా, ఆ రెండు గోల్స్‌లో ఒకటి మన హైదరాబాదీదే. (పై అంతస్తు కుర్రాడికి ఇది చెప్పాను. వాడు ఒక్క నిమిషం ఫోన్ చూసి, "నిజమే అంకుల్!" అన్నాడు. నా మాట మీద కన్నా దాని మీదే నమ్మకం.)

హబీబ్ చివరికి ఇంటికొచ్చాడు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. బలరాం రాలేదు. ఆటలో అందరికన్నా ముందు వెళ్ళినవాడు, కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో స్థిరపడి, అదే ఏడాది ఫిబ్రవరి 16న కలకత్తాలోనే వెళ్ళిపోయాడు. ఇద్దరి పోకకూ మధ్య ఆరు నెలలు. మన తెలుగు పత్రికల్లో ఎంత చోటు దొరికిందో మీకూ తెలుసు.

పోలీస్ జట్టు మళ్ళీ డ్యూరాండ్‌గాని, రోవర్స్‌గాని గెలవలేదు. కొల్లం తర్వాత ఉమ్మడి రాష్ట్రం, ఇప్పటి రెండు రాష్ట్రాలు, ఎవరూ సంతోష్ ట్రోఫీ తేలేదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌.సి. 2022లో ఐ.ఎస్‌.ఎల్. కప్పు గెలిస్తే మళ్ళీ రోజులొచ్చాయనుకున్నాం. 2025లో ఆ క్లబ్బే పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఈసారి ఆటగాళ్ళు కాదు, జట్టుకు జట్టే వలస!

2024 డిసెంబర్ 31 రాత్రి సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలి స్టేడియంలో జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. ఆతిథ్యమిచ్చిన తెలంగాణ అంతకు ముందే ఇంటిదారి పట్టింది. ఆట ముగిసే వేళకు కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో బెంగాల్ గెలిచింది. మా మేనమామ బతికి ఉంటే విసుక్కుని టీవీ కట్టేసేవాడు. కాసేపటికి మళ్ళీ పెట్టి, కప్పు ఎత్తుతున్న బెంగాల్ కుర్రాళ్ళ పేర్లలో మనవాడెవడైనా ఉన్నాడేమోనని కళ్ళజోడు సవరించుకునేవాడు.