రిష్తాకి మూడు నెలల తహ్కీక్, సర్జన్‌కి మూడు నిమిషాలా?



నాంపల్లి స్టేషన్ దిగి అబిడ్స్ వైపు నడుస్తుంటే గోడల మీద, కరెంటు స్తంభాల మీద కాగితాలు కనిపిస్తుంటాయి. బవాసీర్, భగందర్, ఆపరేషన్ లేకుండా గ్యారంటీ ఇలాజ్ అని. కింద ఒక ఫోన్ నంబరు. డాక్టరు పేరుండదు, డిగ్రీ ఉండదు. మా ఖాలూ నమ్ముకున్నది అలాంటి కాగితాన్నే.

ఏడాదిన్నర పాటు ఆయనకి మలంలో ఖూన్ పడింది. ఖాలాకి కూడా చెప్పలేదు. షర్మ్! ఒక సందులోని 'డాక్టరు' పేరుకో సూది వేసి, పొడి ఇచ్చి పంపేవాడు. బరువు తగ్గి, మొహం పాలిపోయాక గానీ మేము అసలు సర్జన్ దగ్గరికి తీసుకెళ్లలేదు. ఆయన గ్లౌజు వేసుకుని వేలితో అర నిమిషం చూశాడు. గడ్డ చేతికి తగిలింది. అక్కడి నుంచి రెడ్ హిల్స్ కేన్సర్ దవాఖానాకి. అప్పటికే దేర్ అయిపోయింది. అల్లాహ్ ఆయన మగ్ఫిరత్ చేయుగాక.

ఆ అర నిమిషం ఏడాదిన్నర ముందు దొరికి ఉంటే? ఈ సవాల్ నన్ను నిద్రపోనివ్వదు. రక్తం పడిన ప్రతిసారీ అది బవాసీరే కానక్కర్లేదు. చూడకుండా మందిచ్చేవాడు హకీమూ కాదు, డాక్టరూ కాదు.

మనవాళ్లు వెంటనే అంటారు, "తఖ్దీర్, భాయ్" అని. తఖ్దీర్ మీద నాకూ ఈమాన్ ఉంది. కానీ ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్నారు రసూలుల్లాహ్ (స). వైద్యం రాకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి జిమ్మేదార్ అన్న హదీసు అబూ దావూద్‌లో ఉంది. అంటే వైద్యుడికి ఇల్ము ఉందా లేదా అని అడగడం బద్‌తమీజీ కాదు, దీన్‌లో భాగమే.

కూతురి రిష్తా వస్తే మూడు నెలలు తహ్కీక్ చేస్తాం. అబ్బాయి జీతం, ఖాందాన్, మామూ ఎక్కడుంటాడు, అన్నీ. కడుపు కోసే మనిషి విషయంలో మాత్రం "అప్‌నే ఆద్మీ హై" అని ఎవరో అంటే చాలు. మనవాడైతే దువా చేస్తాడు. కోత నేర్చుకున్నాడని దానికి అర్థం కాదు.

బోర్డు మీద చూడాల్సింది ఎంబీబీఎస్ తర్వాత ఎంఎస్ జనరల్ సర్జరీ లేదా డీఎన్‌బీ. ఒట్టి 'ఎంఎస్' చాలదు, ఏ సబ్జెక్టులో అని చదవండి. రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ ఆఫీసు అబిడ్స్ పక్కనే కోఠీలో ఉంది. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఫోన్లోనే రిజిస్టరు వెతికి పెడతారు. ఇంత చిన్న పని చేయకుండా తఖ్దీర్‌ని నిందించడం ఏం ఇన్సాఫ్?

డబ్బు లేదన్న మాట నాకు తెలుసు, మాదీ అదే హాలత్. కానీ సందులోవాడు నెలనెలా తీసుకున్నదీ డబ్బే కదా! నాంపల్లిలో సర్కారీ ఏరియా దవాఖానా ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఉంది. ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబరులో 10 లక్షలకి పెరిగింది. క్యూలో ఒక పూట నిలబడటం ఖబర్‌స్తాన్‌లో నిలబడటం కన్నా నయం.

ఇక మన ఔరతుల సంగతి. రొమ్ములో గడ్డ తగిలితే ఆరు నెలలు దాచే అమ్మీలు ఎంతమంది! పర్దా అంటారు. జరూరత్ ఉన్నప్పుడు, జరూరత్ ఉన్నంత మేరకు తబీబ్‌కి చూపించడం జాయిజ్ అని ఉలమా చెబుతూనే ఉన్నారు. లేడీ సర్జన్ కావాలని అడగండి. దొరక్కపోతే, మగ డాక్టరు చూసేటప్పుడు పక్కన ఇంకో స్త్రీ ఉండటం మీ హక్కు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన పేషెంటు హక్కుల పత్రంలో ఆ మాట ఉంది. రెండో డాక్టరు రాయ్ తీసుకునే హక్కూ ఉంది.

సంతకం సంగతి ఇంకా ఘోరం. మర్దులు కారిడార్‌లో మాట్లాడుకుని కాగితం మీద దస్తఖత్ చేసేస్తారు, లోపల పడుకున్నామెకు ఏం కోస్తున్నారో తెలియదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? పరీక్ష కోసమని మత్తిచ్చి, బయట ఉన్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేస్తే అది ఒప్పుదల కాదంది. ప్రాణానికి తక్షణ ఖత్రా లేనప్పుడు, హోష్‌లో ఉన్న పెద్దమనిషి తరఫున ఇంకెవరూ 'సరే' అనకూడదు. శోహర్ అయినా, అబ్బా అయినా.

సర్జన్ దగ్గరికి వెళ్లే ముందు రాత్రి ఒక కాగితం తీసుకోండి. తక్లీఫ్ ఎప్పుడు మొదలైంది, పాత ఆపరేషన్లు, ఏ మందు పడదు, ఇవన్నీ రాయండి. పాత రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు, మింగే గోలీలన్నీ ఒక థైలీలో వేయండి. షుగరు మందులు, రక్తం పల్చబరిచే ఎకోస్ప్రిన్ లాంటివి తప్పక చెప్పాలి. వాటిని సొంతంగా ఆపొద్దు. హకీం సాబ్ ఇచ్చిన మాజూన్ కూడా దాచొద్దు. సిగరెట్, గుట్కా సంగతీ అంతే, మత్తిచ్చే డాక్టరుకి అవి కావాలి.

అడగాల్సినవి: ఈ ఆపరేషన్ నిజంగా జరూరీయా? చేయకపోతే ఏమవుతుంది? వేరే ఇలాజ్ ఉందా? మీ చేత్తోనే చేస్తారా, ఇలాంటివి ఎన్ని చేశారు? తీసిన ముక్కను పరీక్షకి పంపుతారా? మొత్తం ఖర్చెంత? చిరాకుపడే డాక్టరుకి సలాం చెప్పి లేచి రండి.

సవాల్ అడగడం ఈ షహర్‌కి కొత్త కాదు. మత్తుమందు మనిషిని ఎలా చంపుతుందో తేల్చడానికి 1888, 1889లో ఇక్కడే క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టుకున్నాడు. అవి తేల్చినదంతా తర్వాత నిలబడలేదు, అది వేరే సంగతి. అడిగారు కదా! మనం నోరు కుట్టుకుని కూర్చుంటున్నాం.

ఈ జుమా తర్వాత మీ అబ్బాని, మామూని ఒక పక్కకి పిలిచి మెల్లగా అడగండి, "ఎక్కడైనా ఖూన్ పడుతోందా? గడ్డ ఏమైనా ఉందా?" అని. షర్మ్ పడితే పడనివ్వండి. మా ఖాలూని మేము అడగలేదు.