పిల్లల వెబ్‌సైట్ ల్యాబ్ గడప దాటాలి



కంప్యూటర్ క్లాసులో మన పిల్లలు హెచ్‌టీఎంఎల్‌లో వెబ్‌పేజీలు తయారు చేస్తారు. ఒకరు దోమకొండ కోట మీద, ఒకరు నిజాంసాగర్ మీద, ఇంకొకరు కామారెడ్డి బెల్లం మీద. ఎగ్జిబిషన్ రోజు మీరు వచ్చి చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు. మార్కులు పడతాయి. ఆ తర్వాత ఆ ఫోల్డర్ ల్యాబ్ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. మరుసటి ఏడాది దాన్ని తుడిచేసి కొత్త బ్యాచ్ కూర్చుంటుంది.

నా దృష్టిలో ఆ పని సగంలో ఆగినట్టే. పిల్లలు కట్టిన సైట్‌ను ఒక్కసారైనా హోస్టింగ్ సర్వర్ మీద పెట్టించాలి. అసలు చదువు అక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే, మన కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన పేజీ సర్వర్ ఎక్కగానే మొరాయిస్తుంది. బొమ్మ ఫైల్ పేరులో పెద్ద ఇంగ్లిష్ అక్షరం, లింకులో చిన్న అక్షరం ఉంటే విండోస్ పట్టించుకోదు. చాలా సర్వర్లు నడిచే లైనక్స్ మాత్రం రెండూ వేరంటుంది, బొమ్మ రాదు. లింకులో ‘సీ డ్రైవ్’ అని ఉంటే అది ఆ ఒక్క కంప్యూటర్‌కే తెలిసిన అడ్రసు. మొదటి పేజీకి ‘ఇండెక్స్’ అని పేరు పెట్టకపోతే సర్వర్‌కు ఏది ముందు చూపాలో తెలియదు.

తెలుగు పేజీ అయితే ఇంకో చిక్కు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌తో టైప్ చేయించిన మేటర్‌ను తెచ్చి పేజీలో అతికిస్తే, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. 2000 తొలి ఏళ్లలో చాలా తెలుగు పత్రికల సైట్లకూ ఇదే బాధ ఉండేది. ఒక్కో సైట్‌కు ఒక్కో ఫాంట్ దించుకోవాల్సి వచ్చేది. యూనికోడ్ వచ్చాకే తెలుగు ఏ ఫోన్‌లోనైనా తెలుగులా కనిపిస్తోంది. ఈ సంగతి పుస్తకంలో చదివితే మరుసటి రోజుకు మరిచిపోతారు. తన పేజీ అమ్మమ్మ ఫోన్‌లో తెరుచుకోకపోతే మాత్రం ఎందుకో వెతికి తెలుసుకుంటారు.

‘దీనివల్ల ర్యాంకు వస్తుందా?’ అని మీరు అడగవచ్చు. రాదు. కానీ తప్పు ఎక్కడుందో ఓపికగా, ఒక్కొక్కటీ కొట్టేస్తూ వెతికే అలవాటు వస్తుంది. అది లెక్కల్లోనూ, ఫిజిక్స్‌లోనూ పనికొస్తుంది. బయట డబ్బిచ్చి చేయించిన ప్రాజెక్టులో ఆ అలవాటు రాదు. అందుకే ఇంకొకరితో చేయించి తెచ్చిన మెరిసే సైట్ కన్నా, మీ పాప సొంతంగా ఎక్కించిన రెండు పేజీల సైట్‌కే ఎక్కువ మార్కులు వేయాలని మన టీచర్లనూ కోరుతున్నాను.

మరో కారణం మన ఊళ్లే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్ సాంకేతికతను అందరికీ ఉచితంగా వదిలేసింది. అందువల్లే ఎల్లారెడ్డిలో కూర్చున్న పిల్లవాడు ఎవరి అనుమతీ అడగకుండా పేజీ పెట్టగలడు. దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో మెరిట్ అవార్డు వచ్చింది. మన ఇళ్లలో ఎంతమందికి ఈ మాట తెలుసు? పిల్లలు తెలుగులో రాసి పెడితే ఊరంతా చదువుతుంది.

అయితే పేజీ బయటకు వెళ్తుందంటే లోకమంతా చూస్తుంది. ఇక్కడ మీ బాధ్యత ఉంది. నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, అకౌంటు, డొమైన్ మీ పేరు మీద తీసుకోండి. 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం మైనర్లు ఒప్పందం చేసుకోలేరు. పిల్లల డేటా తీసుకునే సంస్థలు తల్లిదండ్రుల అనుమతి పొందాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. దాని ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే.

రెండు, పేజీలో పిల్లల ఫోటో, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, స్కూల్ బస్సు టైము పెట్టనివ్వకండి. కోట గురించి చెప్పడానికి అవేవీ అక్కర్లేదు.

మూడు, పాస్‌వర్డ్ మీ దగ్గర కూడా ఉండాలి. ఫైళ్లు పంపేటప్పుడు పాత ఎఫ్‌టీపీ వద్దు, అందులో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వెళ్తుంది. ఎస్‌ఎఫ్‌టీపీ వాడమనండి.

నాలుగు, ఫైళ్ల నకలు ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. లక్షలాది ఉచిత పేజీలున్న జియోసిటీస్‌ను 2009లో మూసేశారు. నకలు లేనివారి పేజీలు చాలా పోయాయి.

ఖర్చు గురించి భయపడనక్కర్లేదు. ఇలాంటి చిన్న సైట్లకు ఉచిత హోస్టింగ్ సరిపోతుంది. సొంత పేరుతో డొమైన్ కావాలంటేనే ఏటా డబ్బు కట్టాలి. ఆ డొమైన్ అక్కర్లేదనుకున్న రోజు సైట్‌ను మీరే తీసేయండి. గాలికి వదిలేసిన పేరును ఇంకొకరు కొని, అక్కడ ఏమైనా పెట్టవచ్చు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ‘కంప్యూటర్‌లో ఎన్ని మార్కులు?’ అని అడగడంతో ఆగకండి. ‘మా బాబు చేసిన పేజీ నా ఫోన్‌లో తెరుచుకుంటుందా?’ అని కూడా అడగండి. తెరుచుకోకపోతే ఎందుకో మీ అబ్బాయినే చెప్పమనండి.