అజేయ జట్టుకు అందని అవకాశం
అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో ఎంపికపై ఎడతెగని వివాదం

ఆడిన 13 మ్యాచ్‌లలోనూ ఆ జట్టే గెలిచింది. తన కాన్ఫరెన్స్‌లో విజేతగానూ నిలిచింది. అయినా జాతీయ టైటిల్‌ పోరులో చోటు దక్కలేదు. 2023 డిసెంబరు 3న అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్‌ విశ్వవిద్యాలయ జట్టుకు ఎదురైన అనుభవమిది. ఒక మ్యాచ్‌లో ఓడిన అలబామాను నాలుగో జట్టుగా ఎంపిక చేసిన సంఘం, ఒక్కటీ ఓడని ఫ్లోరిడా స్టేట్‌ను అయిదో స్థానానికి నెట్టింది. అప్పట్లో నాలుగు జట్లకే అవకాశం. జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్‌ జోర్డాన్‌ ట్రావిస్‌ నవంబరు 18న కాలికి తీవ్ర గాయమై ఆటకు దూరమయ్యాడు. అతడు లేని జట్టు మునుపటి జట్టు కాదన్నది సంఘం వాదన. నిజానికి అతడు లేకుండానే ఆ జట్టు తర్వాతి రెండు మ్యాచ్‌లూ నెగ్గింది. తన కాలు సీజన్‌ ఆరంభంలోనే విరిగి ఉంటే మిగిలిన ఆటగాళ్ల సత్తా అందరికీ తెలిసి ఉండేదని ట్రావిస్‌ వాపోయాడు.

ఇది మనం ఎరిగిన ఫుట్‌బాల్‌ కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకొని పరుగులు తీసే ఆట. కళాశాల జట్ల మ్యాచ్‌లకే అక్కడ జనం పోటెత్తుతారు. మిషిగన్‌ విశ్వవిద్యాలయ మైదానంలో లక్ష మందికి పైగా కూర్చునే వీలుంది. టెక్సాస్‌, ఫ్లోరిడాల్లో చదువుతున్న మన జిల్లాల విద్యార్థులకు శనివారం వచ్చిందంటే ఈ సందడి పరిచయమే. జట్లను ఎంపిక చేసే సంఘం సమావేశమయ్యేది కూడా తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన డల్లాస్‌ శివారులోని గ్రేప్‌వైన్‌ పట్టణంలోనే.

చిక్కు ఎక్కడుంది?

ఐపీఎల్‌లో పది జట్లు తలా 14 మ్యాచ్‌లు ఆడతాయి. పాయింట్ల పట్టికలో తొలి నాలుగు జట్లు ముందుకు వెళతాయి. వాదనకు తావు లేదు. అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌ అగ్రశ్రేణిలో 130కి పైగా జట్లున్నాయి. ఒళ్లు హూనమయ్యే ఆట కావడంతో ఒక్కో జట్టు లీగ్‌ దశలో ఆడేది 12 మ్యాచ్‌లే. అత్యధిక జట్లు పరస్పరం తలపడనే తలపడవు. బలమైన కాన్ఫరెన్స్‌లో రెండు ఓడిన జట్టు మిన్నా, బలహీనమైన చోట అన్నీ గెలిచిన జట్టు మిన్నా అన్నది తేల్చేందుకు పట్టిక చాలదు. దీంతో నిర్ణయం మనుషుల అభిప్రాయానికి వచ్చి పడుతోంది.

1936 నుంచి పాత్రికేయుల ఓటింగు, 1950 నుంచి శిక్షకుల ఓటింగు విజేతను తేల్చేవి. రెండు జాబితాలూ ఒక్కోసారి వేర్వేరు జట్లను ప్రకటించేవి. 1990, 1991, 1997లలో జరిగిందదే. దీనికి విరుగుడుగా 1998లో కంప్యూటర్లు రంగప్రవేశం చేశాయి. ఓట్లను, కంప్యూటర్ల లెక్కలను కలిపి రెండు జట్లను తుదిపోరుకు పంపే విధానమది. 2003లో రెండు ఓటింగుల్లోనూ మొదటి స్థానంలో ఉన్న సదరన్‌ కాలిఫోర్నియా లెక్కల్లో మూడో స్థానానికి జారింది. కాన్ఫరెన్స్‌ ఫైనల్లో 35-7తో చిత్తయిన ఓక్లహామా తుదిపోరుకు చేరింది. అక్కడ లూసియానా స్టేట్‌ గెలిచినా, పాత్రికేయులు సదరన్‌ కాలిఫోర్నియానే విజేతగా ప్రకటించారు. యంత్రం తీర్పునూ జనం నమ్మలేదు. 2014 సీజన్‌ నుంచి 13 మంది సభ్యుల సంఘం నాలుగు జట్లను ఎంపిక చేసే పద్ధతి వచ్చింది.

2023 నాటి నిర్ణయంలో సంఘం నిబంధనను అతిక్రమించలేదన్నది ఒప్పుకోవలసిన విషయం. ముఖ్య ఆటగాళ్లు అందుబాటులో లేకపోవడాన్ని పరిగణించవచ్చని నిబంధనల్లోనే ఉంది. తప్పు ఆ నిబంధనదే. ఏ జట్టు గెలిచిందన్నది చూడాల్సిన సంఘం, ఏ జట్టు గెలవగలదో జోస్యం చెప్పే పనికి దిగింది. ఆ తర్వాత ఆరెంజ్‌ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్‌ 63-3తో జార్జియా చేతిలో చిత్తవడంతో సంఘం మాటే నిజమైందన్నవారున్నారు. టైటిల్‌ ఆశ పోయాక పలువురు కీలక ఆటగాళ్లు ఆ మ్యాచ్‌ ఆడనేలేదు. దాన్ని రుజువుగా చూపడం సబబు కాదు. ఫ్లోరిడా అటార్నీ జనరల్‌ ఈ వ్యవహారంపై విచారణకు సైతం పూనుకొన్నారు.

సొమ్ములూ తక్కువేమీ కాదు. 2024లో అర్హత పొందిన ఒక్కో జట్టుకు దాని కాన్ఫరెన్స్‌కు 40 లక్షల డాలర్లు దక్కాయి. క్వార్టర్‌ ఫైనల్‌ చేరితే మరో 40 లక్షలు.

పన్నెండైనా తీరని పేచీ

2024 నుంచి జట్ల సంఖ్య 12కు పెరిగింది. 2024, 2025 సీజన్లలో ర్యాంకుల్లో మెరుగ్గా ఉన్న అయిదు కాన్ఫరెన్స్‌ విజేతలకు నేరుగా చోటు దక్కింది, మిగతా ఏడు సంఘం ఇష్టానికే వదిలేశారు. ఎనిమిదో జట్టుగా బరిలోకి దిగిన ఒహాయో స్టేట్‌ ఆ ఏడాది విజేత కావడం గమనార్హం. 2025లో వివాదం మళ్లీ రాజుకొంది. ఆగస్టు 31న నోటర్‌డామ్‌ను మయామీ 27-24తో ఓడించింది. అయినా నవంబరులో వారంవారం టీవీలో ప్రకటించిన జాబితాల్లో నోటర్‌డామే పైన నిలిచింది. చివరి వారం రెండు జట్లూ ఆడలేదు. డిసెంబరు 7న మాత్రం స్థానాలు తారుమారయ్యాయి. మయామీ లోపలికి, నోటర్‌డామ్‌ బయటికి. ఆగ్రహించిన నోటర్‌డామ్‌ మరే బౌల్‌ పోటీలోనూ ఆడబోమని తేల్చిచెప్పింది. అలా చోటు దక్కిన మయామీ ఫైనల్‌ దాకా వెళ్లి, 2026 జనవరి 19న ఇండియానా చేతిలో 27-21తో ఓడింది.

మయామీని ఎంచుకోవడం న్యాయమే. ఆగస్టులో తేలిన ఫలితాన్ని డిసెంబరు దాకా పక్కనపెట్టడమే అన్యాయం. అదే ఏడాది కాన్ఫరెన్స్‌ విజేత అయిన డ్యూక్‌కు చోటు దక్కలేదు. అయిదు మ్యాచ్‌లు ఓడటంతో ఆ జట్టు ర్యాంకుల్లో చిన్న కాన్ఫరెన్స్‌ విజేత జేమ్స్‌ మాడిసన్‌ కంటే వెనకబడింది. దీనిపై అంతగా గగ్గోలు పుట్టలేదు. నిబంధన సీజన్‌కు ముందే అందరికీ తెలుసు కాబట్టే.

విజేతలకు కేటాయించిన చోట్లు అలాగే ఉంచి, మిగిలినవాటికి ముఖాముఖి ఫలితం, ఉమ్మడి ప్రత్యర్థులపై ఆట, ప్రత్యర్థుల బలం అన్న క్రమాన్ని ముందుగానే రాసిపెట్టుకోవచ్చు. ఈ అంశాలు ఇప్పటికీ నిబంధనల్లో ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనక అన్నదే లేదు. గాయాల లెక్కను పూర్తిగా తీసేయాలి. నవంబరు నెలంతా టీవీలో సాగే వారపు జాబితాల తంతు కూడా అనవసరం. వాటివల్లే నోటర్‌డామ్‌ ఆశలు పెంచుకొంది. జట్లను 16కు పెంచాలని ఒక పెద్ద కాన్ఫరెన్స్‌, 24కు పెంచాలని మరొకటి పట్టుబట్టాయి. వరస క్రమం గురించి మాత్రం రెండూ గట్టిగా అడగలేదు.