పాత బుల్లెట్టు, నడివయసు నడుము

నడుము నొప్పి అనీ, చేతివేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనీ వచ్చే నడివయసు మగవారిని నేను ముందుగా అడిగేది, ఏ బండి మీద తిరుగుతారు అని. కర్నూలు, కడప ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు కొందరు కాస్త గర్వంగానే జవాబు చెబుతారు. నాన్నగారి బుల్లెట్టు, మామగారిచ్చిన యెజ్డీ, పొలానికి పనికొస్తుందని ఉంచుకున్న రాజదూత్. అమ్మేయమని నేను చెప్పను, చెప్పినా వినరు. కాని నలభై ఏళ్ళ బండినీ, యాభై ఏళ్ళ ఒంటినీ విడివిడిగా చూస్తే వైద్యం కుదరదు. బండిని బాగు చేయించకుండా మాత్రలు మింగితే నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది.

బుల్లెట్టుది ఒకటే పెద్ద సిలిండరు. పిస్టను కొట్టే ప్రతి దెబ్బా చట్రం గుండా హాండిలుకూ, సీటుకూ చేరుతుంది. ఇంజనును చట్రానికి బిగించే బోల్టులు వదులైతే ఈ అదురు బాగా పెరుగుతుంది. అప్పుడు మీకు తెలియకుండానే హాండిలును మరింత గట్టిగా పట్టుకుంటారు. పట్టు బిగిసేకొద్దీ అదురు చేతుల్లోకి ఇంకా ఎక్కువగా పాకుతుంది. మణికట్టు వద్ద ఇరుకు దారిలోంచి పోయే నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు రాత్రిపూట తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే గాని తగ్గకపోతే ఈ నరాన్నే అనుమానించాలి. ఎడమ చేతికే బాధ ఎక్కువైతే క్లచ్చి తీగ చూడండి. నూనె ఎండిపోయిన తీగను రోజుకు వందసార్లు లాగడం చిన్న శ్రమ కాదు. నెలకొకసారి మెకానిక్కు చేత బోల్టులన్నీ బిగింపించండి. మధుమేహం ఉన్నవారి నరాలు త్వరగా దెబ్బతింటాయి కనుక రక్తపరీక్ష కూడా చేయించుకోండి.

ఇక నడుము. బండి వెనుక భాగాన్ని రెండు చేతులా అదిమి వదలండి. ఒకసారి లేచి నిలబడితే షాక్‌అబ్జార్బర్లు బాగున్నట్టే. రెండు మూడుసార్లు ఊగినా, వాటి వెంట నూనె కారినా, ఇకమీదట ప్రతి గుంటనూ మీ వెన్నుపూసే భరిస్తుందన్నమాట. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు సుమారు 200 కిలోమీటర్లు. రోడ్డు బాగుంది గదా అని ఒక్క ఊపున పోవద్దు. గంటకొకసారి దిగి నాలుగడుగులు నడవండి. గాలి తగిలి చల్లబడే ఇంజను, దానికీ ఆ విశ్రాంతి అవసరమే. ఎండాకాలం ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలు. గాలికి చెమట వెంటనే ఆరిపోవడం వలన ఎంత నీరు పోయిందో తెలియదు. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలలేదని గుర్తు. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు ఈ మాట మరవకూడదు.

నడుము నొప్పితోపాటు కాలిలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, సీటు తగిలే చోట స్పర్శ లేకపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. తెల్లవారి చూద్దామంటే కొందరికి కాలు మళ్ళీ స్వాధీనంలోకి రాదు.

కిక్కు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. టైమింగు తప్పిన బుల్లెట్టు ఎదురు తన్నితే మడమ కీలు, మోకాలు, ఒక్కోసారి పిక్క ఎముక కూడా దెబ్బతింటాయి. తాళం తిప్పి, కిక్కును గట్టిగా తగిలేదాకా మెల్లగా నొక్కండి. డీకంప్రెషరు మీట పట్టుకొని మరికాస్త నొక్కితే ఆమీటరు ముల్లు మధ్యకు వస్తుంది. మీట వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువుతో పూర్తిగా తన్నాలి. సగం తన్నులే ప్రమాదం. చెప్పులతో కాదు, బూట్లతో. పదే పదే ఎదురు తంతుంటే పాయింట్లూ, టైమింగూ సరిచేయించండి. మీ అబ్బాయి కొత్త బండికి అలవాటు పడినవాడైతే, పాత బుల్లెట్టుకు గేరు కుడికాలికీ, బ్రేకు ఎడమకాలికీ ఉంటుందని చెప్పి, ముందు ఖాళీ మైదానంలో నడిపించండి.

ట్యాంకులో పెట్రోలు గొట్టంతో నోట లాగడం మానండి. గొంతులోకి పోయిన పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి చేరితే న్యుమోనియా వస్తుంది. పొరపాటున మింగినవారిచేత వాంతి చేయించవద్దు. దగ్గు, ఆయాసం ఉన్నా లేకున్నా ఆసుపత్రికి తీసుకుపోండి.

పాత బ్రేకు లైనర్లలో రాతినార ఉండేది. పులివెందుల ప్రాంతంవారికి ఈ రాతినార కొత్త కాదు, అక్కడ గనుల్లో తవ్విందే. డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్మును నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవమనండి. ఊపిరితిత్తులకు దాని హాని ఏళ్ళ తరువాత బయటపడుతుంది.

బండి దిగే పిల్లల పిక్క సైలెన్సరుకు తగిలి కాలడం తరచూ చూస్తాము. సిరా, టూత్‌పేస్టు, కాఫీపొడి ఏవీ పూయవద్దు. చల్లని నీరు ఇరవై నిమిషాలు ధారగా పొయ్యాలి. నీళ్ళ కరువున్న ఊళ్ళలో కింద గంగాళం పెట్టి ఆ నీటినే మళ్ళీ మళ్ళీ పొయ్యండి, ఐసు మాత్రం పెట్టవద్దు. బొబ్బలు చిదపకుండా శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి.