గడప తెలియని సంఘము

స్త్రీల రక్షణకై శాసనము పుట్టుట యొకటి. అది కూలి చేయు స్త్రీ యెఱుకకు వచ్చుట వేఱొకటి. పనిచేయు చోట్ల లైంగిక వేధింపులను విచారించుటకు జిల్లాకొక స్థానిక సంఘ ముండవలెనని 2013 నాటి చట్టము విధించినది. పదుగురికంటె తక్కువ పనివారున్న చోటను, యజమానియే నిందితుడైన చోటను, ఆ చట్టము క్రింద స్త్రీకి దిక్కు ఈ సంఘమే. అధ్యక్షురాలు సంఘసేవయందు పేరొందిన స్త్రీ కావలెను. మండలమునకును, పట్టణములందు వార్డునకును ఫిర్యాదు గైకొను అధికారి యుండవలెను.

ఏర్పాటు చక్కనిదే. కాని జిల్లాధికారులను నియమించి యీ సంఘములను నెలకొల్పుడని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపింపవలసి వచ్చెను. పదునొకండేండ్ల యలక్ష్యమునకు వేఱు సాక్ష్యమేల?

సామాన్యముగా మూడు నెలలలోపల ఫిర్యాదు చేయవలెను. చిన్నకొట్టులో మిరపకాయల తొడిమలు దీయు కూలికి, ఇంటింట నంట్లు తోము పనికత్తెకు ఎవరితో జెప్పుకొనవలెనో తెలియనిచో, ఆ గడువు తీఱుట కెంతసేపు?

జిల్లాధికారులకు మా విన్నప మొక్కటే. సంఘసభ్యుల పేర్లను, చిరునామాను తెలుగున పెద్దయక్షరములతో ప్రతి మార్కెట్టుయార్డునందును, ప్రతి సచివాలయపు గోడమీదను వ్రాయింపుడు. ఫైలులో నున్న సంఘము పేదరాలిని కాపాడజాలదు.