శాలువా కప్పి పంపితే సరిపోదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిగ్రీ కాలేజీలు నల్లగొండలో 2007లో పెట్టిన మహాత్మా గాంధీ యూనివర్సిటీ కిందికి వస్తయి. దామరచర్ల, మఠంపల్లి, పాలకీడు, చివ్వెంల తండాల పిల్లలు చదివేది కూడా ఈ కాలేజీల్లోనే. వీళ్లకు కథ, కవిత రాయడం ఎవరు నేర్పాలె?

కాలేజీకి రచయితను పిలిస్తే ఏమైతదో తెలిసిందే. స్టేజీ, శాలువా, గంటన్నర ఉపన్యాసం, సెల్ఫీలు. సాయంత్రం బస్సుకు ఆయన హైదరాబాద్ పోతడు. ఒక్క పిల్ల రాసిన పేజీ కూడా చదివి ఉండడు. అమెరికాలోని అయోవా యూనివర్సిటీ 1967 నుంచి ఎన్నో దేశాల రచయితలను వారాల తరబడి తన దగ్గర ఉంచుకుంటున్నది. మనకు అంత ఖర్చు అక్కర్లేదు. ఒక నెల, ఒక గెస్ట్ రూమ్, ఇరవై మంది పిల్లలు, వాళ్ల నోటుబుక్కులు. చాలు.

అసలు పేచీ వేరే ఉంది. రచయిత అని ఎవరిని అంటున్నం? అత్తగారింటికి పోయే పిల్ల ఏడుస్తూ పాడే ఢావ్లో మన యాడీల నోట్లనే ఉంది. వంశాల కథలు భాట్‌ల, ఢాడీల దగ్గర ఉన్నయి. గోర్ బోలికి సొంత లిపి లేదు, ఎనిమిదో షెడ్యూల్‌లో చోటూ లేదు. (ఎరుకల భాషకూ ఇదే గతి.) పాడే ముసలమ్మ పోతే పాట కూడా ఆమెతోనే పోతది.

1968లో నైరోబీలో గూగీ వా థియోంగో, మరో ఇద్దరు అధ్యాపకులు కలిసి ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌నే రద్దు చేయమన్నరు. ఆఫ్రికా మౌఖిక సాహిత్యాన్ని సిలబస్‌లోకి తెమ్మన్నరు. మనం అంత దూరం పోతలేం లెండి. అతిథి రచయితల లిస్టులో తండా గాయని పేరు కూడా ఉండాలె, ప్రొఫెసర్‌కు ఇచ్చే పారితోషికమే ఆమెకూ ఇయ్యాలె. ఆమె పాడుతుంటే పిల్లలు గోర్ బోలిని తెలుగు లిపిలో రాసుకోవాలె. అచ్చయితే ఆమె పేరుతోనే కావాలె. లేకుంటే పాట ఆమెది, పీహెచ్‌డీ ఇంకొకరిది అవుతది.

తండా కథలు ఎవరు చదువుతరు అని అడిగేటోళ్లకు జవాబు దొరికింది. 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలకు సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అట్లాంటి రచయిత మిర్యాలగూడలో నెల రోజులుంటే ఎంతమంది కలం పడతరో!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెమిస్టర్‌లోనే ప్రిన్సిపాల్‌కు, తెలుగు శాఖకు అర్జీ పెట్టండి. అందులో మీ తండాలో పాడే ఒక యాడి పేరు, ఆమెకు వచ్చిన మూడు పాటలు రాయండి. జవాబు వచ్చేదాకా ఆగకుండా, ఆమెను అడిగి, ఆ పాటలు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి.